ఖాళీల పట్టిక: కెర్నెల్‌నందు వనరుల కేటాయింపు, వాపసు

1. విషయప్రస్తావన

కంప్యూటరును వాడుట యెట్లో తెలుపు పుస్తకములు తెలుగున కొన్ని కలవు. దాని లోపల పని యెట్లు నడచునో తెలుపునవి మిక్కిలి అరుదు. ఆ లోపలి పనులలో చిన్నదియు, పాతదియు, నేటికిని తప్పనిదియు నగు నొకదానిని ఈ వ్యాసమున వివరింపదలచితిమి. పరిమితమైన యొక వస్తువు పలువురకు కావలసియున్నపుడు దానిని ముక్కలుగా నిచ్చుట, పని తీరిన పిమ్మట ఆ ముక్కలను మరల తీసికొని మునుపటివలె ఒకటిగా చేర్చుట, ఇదియే ఆ పని. దీనికై కెర్నెల్ రచయితలు కల్పించుకొనిన చిన్న సాధనమునకు 'రిసోర్స్ మ్యాప్' అని పేరు.

భాషాసాహిత్యముల కుద్దేశింపబడిన ఈ పత్రికలో ఇట్టి విషయమునకు చోటెట్లు కలిగెనని కొందరు చదువరులు అడుగవచ్చును. మా సమాధానమిది. విజయనగరమున గురజాడవారి పేరిట నొక సాంకేతిక విశ్వవిద్యాలయము వెలసినది. శ్రీకాకుళము చెంత ఎచ్చెర్లలో 2008లో స్థాపింపబడిన విశ్వవిద్యాలయము కలదు. ఈ ప్రాంతపు పల్లెలలో తెలుగుబడి చదువు ముగించి వచ్చిన విద్యార్థులు కంప్యూటరు శాస్త్రమును ఆంగ్లపు మాటలలోనే నేర్చుకొనవలసియున్నది. మాట కంఠస్థమగును గాని దాని వెనుకనున్న నియమము బోధపడినదో లేదో తెలియదు. తన భాషలో చెప్పగలిగినపుడే అది తేలును. పైగా, ఈ విషయమున ఒక తెలుగు క్రియను అజాగ్రత్తగా నెన్నుకొన్నచో నియమమే తలక్రిందులగును. అది యెట్లో వ్యాసాంతమున చూపుదుము.

2. కెర్నెల్, డ్రైవరు, వనరు

కంప్యూటరులో ఏకకాలమున పెక్కు ప్రోగ్రాములు నడచుచుండును. సామాన్యముగా వానిలో నేదియు యంత్రభాగములను తిన్నగా ముట్టదు. ఆ యధికారము కెర్నెల్ అను మూలభాగమునకే కలదు. డిస్కు, కీబోర్డు, నెట్‌వర్కు కార్డు మొదలగు పరికరములను నడపుటకు కెర్నెల్‌లో వేరువేరు ఉపభాగము లుండును. వానిని డివైస్ డ్రైవరులు, క్లుప్తముగా డ్రైవరులు అందురు.

సామాన్యమైన ప్రోగ్రామునకును డ్రైవరునకును నొక ముఖ్యభేదము కలదు. సామాన్యమైన ప్రోగ్రాము తాను తీసికొన్న జ్ఞాపకస్థలమును తిరిగి యిచ్చుట మరచినను ప్రమాదము లేదు. అది ముగియగానే కెర్నెల్ తానే దానినంతయు వెనుకకు తీసికొనును. డ్రైవరు విషయమున ఇట్లు వెనుక చూచుకొను పెద్దదిక్కు లేదు. అది కెర్నెల్‌లోని భాగమే. అది తిరిగి యీయక పోగొట్టినది యంత్రమును ఆపి మరల ప్రారంభించువరకు పోయినట్లే. నెలల తరబడి ఆగక నడువవలసిన యంత్రమున దినమున కొక్క ముక్క పోయినను, తుదకొకనాడు అడిగినవారికి ఇచ్చుటకేమియు మిగులదు. నాడు పని నిలిచిపోవును. తప్పు చేసిన డ్రైవరు ఏదియో చెప్పు గుర్తు ఎచటను కనబడదు.

ఇచట వనరు అనగా వరుససంఖ్యలతో గుర్తింపదగిన దేదైనను కావచ్చును: జ్ఞాపకస్థలమునందలి గదులు, డిస్కుమీది భాగములు, పరికరముతో సంభాషించుటకు వాడు చిరునామాలు. రిసోర్స్ మ్యాపునకు ఆ వస్తువుయొక్క స్వభావముతో పనిలేదు. దానికి తెలిసినవి రెండే సంఖ్యలు: ఎచట మొదలు, ఎన్ని.

3. సంతలోని వరుస

శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలలో వారపు సంతలు నేటికిని సాగుచున్నవి. విషయము సుబోధకమగుటకు మనమొక సంతను ఊహించుకొందము. బాటవెంబడి వరుసగా 100 చోట్లు కలవు. వానికి 1 నుండి 100 వరకు సంఖ్యలు వేసియున్నవి. వర్తకునకు తన సరకు పరచుటకు ప్రక్కప్రక్కనున్న చోట్లే కావలెను. ఇచట రెండు, అచట మూడు ఇచ్చిన పనికిరావు. ఆశీలు వసూలుచేయు గుత్తదారువద్ద నొక చిన్న పుస్తకము కలదు. ఎవరికేది యిచ్చెనో దానిలో వ్రాయడు. ఖాళీగా నున్నవానిని మాత్రమే వ్రాసికొనును. ఒక్కొక్క పంక్తిలో రెండే సంఖ్యలు: ఖాళీ ఏ చోట మొదలు, ఎన్ని చోట్లు.

తెల్లవారునప్పటికి పుస్తకమున ఒకే పంక్తి కలదు: '1 మొదలు 100'. పొందూరు ఖద్దరు వర్తకుడు 10 చోట్లడిగెను. గుత్తదారు 1 నుండి ఇచ్చి, పంక్తిని '11 మొదలు 90' అని దిద్దెను. బుడితి ఇత్తడిసామాను తెచ్చినవాడు 5 అడిగెను. 11 నుండి ఇచ్చి, '16 మొదలు 85' అని దిద్దెను. పలాస జీడిపప్పు వర్తకుడు 20 అడిగెను. 16 నుండి ఇచ్చి, '36 మొదలు 65' అని దిద్దెను.

కొంతసేపటికి ఇత్తడివర్తకుడు సరకు అమ్ముకొని తన 5 చోట్లను వాపసు చేసెను. ఇరుప్రక్కల వర్తకులున్నారు గనుక ఇది విడిఖాళీ. పుస్తకమున పంక్తులు రెండైనవి: '11 మొదలు 5', '36 మొదలు 65'. అపుడు కుండలవాడు వచ్చి 8 అడిగెను. గుత్తదారు పైనుండి చూచుకొనుచు వచ్చెను. మొదటి పంక్తి చాలదు, రెండవది చాలును. 36 నుండి ఇచ్చెను. ఆ పంక్తి '44 మొదలు 57' అయ్యెను. తరువాత ఖద్దరు వర్తకుడు తన 10 వాపసు చేసెను. వానికి తరువాతి 11 నుండి 15 వరకు ఇదివరకే ఖాళీ. కాబట్టి గుత్తదారు క్రొత్త పంక్తి వ్రాయక, ఉన్నదానినే '1 మొదలు 15' అని దిద్దెను. గాజులవాడు 12 అడుగగా 1 నుండి ఇచ్చెను. '13 మొదలు 3' మిగిలెను. జీడిపప్పు వర్తకుడు 16 మొదలు 20 వాపసు చేయగా, అవి ముందున్న మూడింటితో కలిసి '13 మొదలు 23' అయ్యెను. తుదకు కుండలవాడు 36 మొదలు 8 వాపసు చేసెను. వానికి ముందు 13 నుండి 35 వరకు ఖాళీ. తరువాత 44 నుండి 100 వరకు ఖాళీ. మూడును కలిసి '13 మొదలు 88' అను నొకే పంక్తి యయ్యెను.

కేటాయింపు నియమము దీనివలన స్పష్టము. పైనుండి వెదకి, చాలినంత యున్న మొదటి ఖాళీనుండి ఇవ్వవలెను. వాపసు నాలుగు విధములు. వచ్చిన ముక్క ఏ ఖాళీకిని తగులకున్న పంక్తి యొకటి పెరుగును. ముందరి ఖాళీకి గాని, తరువాతి ఖాళీకి గాని తగిలిన పంక్తుల సంఖ్య మారదు. రెంటికిని తగిలిన పంక్తి యొకటి తగ్గును. చిన్నచిన్న ఖాళీలు మరల పెద్ద ఖాళీ యగుట ఈ కలయికవలననే. వాపసునందు కలయిక లేకున్నచో మధ్యాహ్నమునకే సంత తునకలుతునకలై, 20 చోట్లడిగినవాడు ఖాళీలను కన్నులార చూచుచునే వెనుదిరుగవలసివచ్చును.

వేరొక విశేషమును గుర్తింపవలెను. 'ఏడవ చోట నెవరున్నారు?' అని యడిగినచో ఈ గుత్తదారు తన పుస్తకము చూచి చెప్పలేడు. తీసికొన్నవారి పేర్లు దానిలో లేవు. ఎచట మొదలు, ఎన్ని అను రెండు సంఖ్యలను జ్ఞాపకముంచుకొనవలసినవాడు తీసికొన్న వర్తకుడే. ఈ యొక్క విషయమునుండియే ఈ సాధనముయొక్క సౌకర్యమును, ప్రమాదమును రెండును పుట్టుచున్నవి.

4. యూనిక్స్ ఆరవ కూర్పులోని రెండు పట్టికలు

ఈ గుత్తదారు పుస్తకమే రిసోర్స్ మ్యాప్. దాని ప్రసిద్ధరూపము యూనిక్స్ కెర్నెల్‌లో కనబడును. యూనిక్స్‌ను 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలయందు కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ మొదలగువారు ఆరంభించిరి. 1975లో వెలువడిన దాని ఆరవ కూర్పును ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయమున జాన్ లయన్స్ అను ఆచార్యుడు పాఠ్యముగా స్వీకరించి, 1976-77 ప్రాంతమున మూలమునకు పంక్తిసంఖ్యలు వేసి, వేరొక సంపుటమున వ్యాఖ్యానము వ్రాసెను. మూలము పదివేల పంక్తులకు మించదు. మన కావ్యపాఠకులకు మల్లినాథసూరి వ్యాఖ్యలు ఎట్టివో, ఒక తరము కెర్నెల్ విద్యార్థులకు ఈ వ్యాఖ్యానము అట్టిది. 1979 నాటి ఏడవ కూర్పు అనుమతిపత్రము మూలమును తరగతిలో బోధించుటను నిషేధించెను. అప్పటినుండి లయన్స్ వ్యాఖ్యానము నకళ్ల రూపమున చేతులుమారుచు వ్యాపించి, 1996లో బహిరంగముగా అచ్చు పడెను.

ఆ మూలమున ఇట్టి పట్టికలు రెండు కలవు. కోర్‌మ్యాప్ అనునది ప్రధాన జ్ఞాపకస్థలమునకు సంబంధించినది. దాని కొలత 64 బైట్లు. స్వాప్‌మ్యాప్ అనునది జ్ఞాపకస్థలమున చోటు చాలనపుడు ప్రోగ్రాములను తాత్కాలికముగా దింపియుంచు డిస్కుభాగమునకు సంబంధించినది. దాని కొలత 512 బైట్లు. ఒక్కొక్క పట్టికకు 50 పంక్తులు. రెంటికిని పని చేయునవి 'మాలాక్', 'ఎంఫ్రీ' అను రెండు చిన్న ఫంక్షనులే. మొదటిది ఇచ్చును, రెండవది తీసికొని కలుపును. సంతలో మనము చూచిన నియమములే వానిలో నున్నవి.

స్వాప్‌మ్యాప్ విషయమున ఒక చిన్న హెచ్చరిక మూలములోనే వ్రాయబడియున్నది. ఆనాటి ఆర్‌కె డిస్కున 4872 భాగములు. మాదిరి అమరికలో మొదటి 4000 ఫైళ్లకును, 4000 అను సంఖ్య మొదలుకొని 872 భాగములు ఈ తాత్కాలికపు పనికిని కేటాయింపబడినవి. ఆ ఆరంభసంఖ్య సున్న కారాదని ప్రక్కనే వ్రాసిరి. ఏలయనగా, అడిగినంత ఖాళీ లేనపుడు మాలాక్ ఇచ్చు సమాధానము సున్న. సున్నవ చోటును కూడ పట్టికలో చేర్చినచో 'సున్నవ చోటు తీసికొనుము' అనుటకును 'లేదు పొమ్ము' అనుటకును భేదము తెలియదు. అందుచేతనే మన సంతలో కూడ సంఖ్యలు 1 నుండి మొదలిడితిమి.

కోర్‌మ్యాప్ నిండు విధము ఇంకను విచిత్రమైనది. యంత్రము మేల్కొనునప్పటికి పట్టిక శూన్యము. ఖాళీలను మాత్రమే వ్రాయు పుస్తకము శూన్యముగా నున్నదనగా, ఇచ్చుటకేమియు లేదని యర్థము. ప్రారంభకార్యము 64 బైట్ల గదుల నొక్కొక్కటిగా పరీక్షించి, తుడిచి, ఎంఫ్రీద్వారా పట్టికకు అందించుచు పోవును. ప్రతి క్రొత్తగదియు ముందుదానితో కలియును గనుక గదులు వందలైనను పట్టికలో పంక్తి యొక్కటే; దాని లెక్క మాత్రము పెరుగుచుండును. పట్టికను నింపుటకు వేరొక మార్గమును కల్పింపలేదు. ఎవరును తీసికొననిదానిని 'వాపసు' చేయుటతోనే దాని జీవితము ఆరంభమగుచున్నది.

5. డ్రైవరు రచయిత చేతిలో

పిమ్మటి కాలమున యూనిక్స్ సిస్టం ఫైవ్ శాఖలోను, సన్ సంస్థవారి సొలారిస్‌లోను ఈ సాధనమును డ్రైవరు రచయితలందరు వాడుకొనుటకు వీలుగా అమర్చిరి. అందు ముఖ్యములగు ఫంక్షనులు నాలుగు. ఆర్‌ఎంఆలాక్‌మ్యాప్ పట్టికను సృష్టించును. ఆర్‌ఎంఆలాక్ పట్టికనుండి ముక్క నిచ్చును. ఆర్‌ఎంఫ్రీ ముక్కను వాపసు తీసికొనును. ఆర్‌ఎంఫ్రీమ్యాప్ పట్టికనే తొలగించును.

విద్యార్థులు సాధారణముగా తడబడునది ఇచటనే. సృష్టింపబడు వస్తువులు రెండు, తొలగింపబడునవి రెండు. ఒకటి చోటు, రెండవది చోట్లను గూర్చిన పుస్తకము. ఆర్‌ఎంఆలాక్‌మ్యాపునకు ఎన్ని పంక్తుల పుస్తకము కావలెనో చెప్పినచో అంతటి వట్టి పుస్తకము వచ్చును, సంత రాదు. తన పరికరమునందలి చోట్లను డ్రైవరు రచయితయే ఆర్‌ఎంఫ్రీద్వారా దానిలో మొదట వ్రాయింపవలెను. ఆ మొదటి ఆర్‌ఎంఫ్రీని మరచిన డ్రైవరునకు ఎంత యడిగినను సున్నయే సమాధానముగా వచ్చును.

ఖాళీ లేనపుడు ఏమి చేయవలెననుటకు రెండు పద్ధతులు కలవు. ఆర్‌ఎంఆలాక్ వెంటనే సున్న నిచ్చును. ఆర్‌ఎంఆలాక్‌వెయిట్ అను దాని జంట, ఎవరైన వాపసు చేయువరకు నిద్రించి, పిదప ముక్క నిచ్చును. రెండవది హాయియైనదిగా తోచును గాని అన్నివేళల చెల్లదు. పరికరము తన పని ముగిసినదని కెర్నెల్‌ను పిలుచు పిలుపునకు ఇంటరప్టు అని పేరు. ఆ పిలుపునకు బదులు పలుకుచున్న డ్రైవరు నిద్రింపరాదు. కావున అట్టి సమయమున ఆర్‌ఎంఆలాక్‌నే వాడి, సున్న వచ్చినచో దానికి తగిన యేర్పాటు చేసికొనవలెను.

డ్రైవరును తొలగించునపుడు క్రమము మిక్కిలి ముఖ్యము. మొదట పరికరమును నిలుపవలెను. పిదప తీసికొన్న ముక్కలన్నియు వాపసు కావలెను. పట్టికకొరకు నిద్రించుచున్నవారెవరును లేరని నిశ్చయించుకొనవలెను. ఆ తరువాతనే ఆర్‌ఎంఫ్రీమ్యాపును పిలువవలెను. వర్తకులు ఇంకను కూర్చుండగనే గుత్తదారు పుస్తకమును చింపివేసినచో, వారు వెడలునపుడు ఎవరికి చెప్పిపోవుదురు? ఆర్‌ఎంఫ్రీమ్యాప్ ఈ విషయమును తాను విచారింపదు. విచారించు బాధ్యత పిలిచినవానిదే.

డ్రైవరు మొదలగునపుడు నడుమ నొక మెట్టు విఫలమైనను ఇదే న్యాయము. నాలుగు వస్తువులు సమకూర్చుకొనవలసియుండగా మూడవదానివద్ద ఆటంకము కలిగినచో, రెండవదానిని, పిమ్మట మొదటిదానిని, వచ్చిన క్రమమునకు వ్యతిరేకముగా వాపసు చేసి వెనుదిరుగవలెను. అన్నియు సవ్యముగా జరిగిన దారి ప్రతిదినమును పరీక్షింపబడును. నడుమ విఫలమైన దారి యరుదుగా నడచును. అందువలన నష్టములు తరచుగా ఆ దారిలోనే దాగియుండును.

6. వాపసునందలి దోషములు

పట్టికకు తీసికొన్నవారెవరో తెలియదంటిమి. దానివలన కలుగు దోషములు నాలుగు.

మొదటిది మరపు. వాపసు చేయని ముక్క పట్టికలో లేదు. దానిని వాడువాడును లేడు. సంతలో చోటు వట్టిగా కనబడుచుండును గాని గుత్తదారు దానిని ఎవరికిని ఈయడు, ఏలయనగా అతని పుస్తకమున అది లేదు.

రెండవది లెక్క తప్పుట. 10 తీసికొని 8 వాపసు చేసిన రెండు పోయినట్లే. 10 తీసికొని 12 వాపసు చేసిన ప్రక్కవాని రెండు చోట్లను ఖాళీగా చూపినట్లే. మొదటిది తనకును ఊరికిని నష్టము. రెండవది పరునకు ద్రోహము.

మూడవది రెండుమార్లు వాపసు చేయుట. ఇత్తడివర్తకుడు 11 మొదలు 5 వాపసు చేసెను. ఖద్దరు వర్తకుడును వెడలిన పిమ్మట 1 నుండి 15 వరకు గాజులవాడే తీసికొనెననుకొందము. ఇత్తడివాడు మరల వచ్చి '11 మొదలు 5 వాపసు' అని చెప్పెను. పుస్తకమున ఆ చోట్లను గూర్చి యేమియు లేదు; కాదనుటకు ఆధారము లేదు. గుత్తదారు వ్రాసికొని, తరువాత వచ్చినవానిని 11వ చోట కూర్చుండుమని పంపును. సంతలో నైతే గాజులవాడు కేకవేయును. కెర్నెల్‌లో కేకవేయువారు లేరు. ఇద్దరు నొకే చోట వ్రాయుదురు; ఒకని సమాచారము మరియొకని చేత చెడును. చెడుట కనబడు చోటు ఒకటి, తప్పు జరిగిన చోటు మరియొకటి. వాపసు వచ్చిన ముక్క పట్టికలో నున్న ఖాళీమీదనే పడినచో మాత్రము తప్పును కనిపెట్టవచ్చును. బర్కిలీ యూనిక్స్ అట్టి తప్పు కనబడినపుడు యంత్రమునే ఆపివేయునట్లు ఏర్పరచిరి.

నాలుగవది పట్టిక నిండుట. ఇది తీసికొన్నవాని తప్పు కాదు. వాపసు వచ్చిన ముక్క ఏ ఖాళీకిని తగులకపోగా, దానిని వ్రాయుటకు పుస్తకమున పంక్తి మిగులలేదు. ఆరవ కూర్పులో దీనికి పరీక్షయే లేదు. 50 పంక్తులు చాలునను నమ్మకమే. బర్కిలీ యూనిక్స్‌లో అట్టి సమయమున ఒక భాగము పోయినదని కెర్నెల్ ప్రకటించి, నిజముగనే దానిని వదలుకొనును. నిజాయితీగా వాపసు చేసినది కూడ, వ్రాయుటకు చోటు లేక పోవుచున్నదన్నమాట.

7. ఎన్ని పంక్తులు కావలెను

కావున పట్టిక పరిమాణమును నిర్ణయించుట డ్రైవరు రచయిత చేయవలసిన మొదటి ఆలోచన. రెండు ఖాళీల నడుమ ఇచ్చివేసిన చోటొకటియైనను ఉండితీరవలెను. లేనిచో అవి కలిసి యొకటి యగును. కాబట్టి 100 చోట్లలో విడివిడి ఖాళీలు 50కి మించవు. పట్టిక ముగిసినదని తెలుపు గుర్తుకొరకు అదనముగా స్వల్పము చేర్చినచో, ఎట్టి దుర్దశలోను పుస్తకము చాలును. చోట్లు లక్షలలో నున్నపుడు అంత పెద్ద పుస్తకము వ్యర్థము. అట్టివేళ డానల్డ్ నూత్ 1968లో తన గ్రంథమున నిరూపించిన లెక్క సహాయపడును. ఇచ్చుట, తీసికొనుట సమముగా సాగుచు కుదురుకొనిన స్థితిలో ఖాళీల సంఖ్య ఇచ్చియున్న ముక్కల సంఖ్యలో సుమారు సగముగా నుండుననియు, అడిగినంతకు సరిగా సరిపోవు ఖాళీలు తరచుగా దొరకునపుడు అంతకంటెను తగ్గుననియు అతడు చూపెను. ఏకకాలమున 60 ముక్కలు ఇచ్చియుండునని తోచిన, 30 పంక్తులు సామాన్యముగా చాలును; మెలకువకలవాడు మరికొన్ని కలుపుకొనును.

పంక్తులు చాలినను తీరని చిక్కొకటి కలదు. 100 చోట్లలో ఒకటి విడిచి యొకటి ఖాళీగా నున్నపుడు మొత్తము ఖాళీ 50. అయినను రెండు చోట్లడిగినవానికి లేదనవలసినదే. ఉన్నదంతయు కలిసియుండనిచో ఉన్నదనుట మాటవరుసకే.

8. పేరు వ్రాసికొను పట్టికలు

మన గ్రామలెక్కలలోని అడంగలును గుత్తదారు పుస్తకముతో పోల్చి చూడుడు. అడంగలులో సర్వేనంబరు, విస్తీర్ణము, పట్టాదారు, సాగుచేయువాడు, పైరు మొదలగునవన్నియు ఎక్కును. అది అనుభవించువారి పట్టిక. గుత్తదారుది ఖాళీల పట్టిక. మొదటిదానికి శ్రమ యెక్కువ, కాని తగవు వచ్చినపుడు సాక్ష్యము చెప్పును. రెండవది చౌక, కాని మూగది. 1970లలో యంత్రముల జ్ఞాపకస్థలము మిక్కిలి స్వల్పము. కెర్నెల్ తనకై వాడుకొను ప్రతి బైటును ప్రోగ్రాములకు తగ్గినట్లే. కాబట్టి చౌకయైన మూగపట్టికను ఎన్నుకొనుట ఆనాటికి వివేకమే.

జ్ఞాపకస్థలము పెరిగిన కొలది కెర్నెల్‌లు అడంగలు పద్ధతివైపు నడచినవి. సొలారిస్ కొరకు జెఫ్ బాన్‌విక్, జోనథన్ ఆడమ్స్ రూపొందించి 2001లో వివరించిన 'వీమెమ్' అను సాధనమున ఇచ్చివేసిన ముక్కలకును గుర్తులుండును. వాపసు వచ్చినపుడు ఆ ముక్క నిజముగా ఇచ్చినదేనా, లెక్క సరిపోయినదా అని చూచుటకు వీలుకలిగినది. ముక్కలెన్నియైనను వెదకులాట పెరుగకుండుట దాని మరియొక గుణము. పాతపట్టికలో పైనుండి పంక్తిపంక్తియు చూచుకొనుచు రావలసియుండెను. లైనక్స్‌లో పరికరముల పోర్టు చిరునామాలను తీసికొను డ్రైవరు తన పేరుకూడ చెప్పవలెను. ప్రాక్ విభాగమునందలి ఐఓపోర్ట్స్ అను ఫైలు తెరచి చూచినచో ఏ చిరునామాలు ఎవరి చేతిలో నున్నవో చదువవచ్చును. 2007 నుండి లైనక్స్‌లో మరియొక సౌకర్యము ఏర్పడినది. ఆ పద్ధతిలో తీసికొన్న వనరులను పరికరముపేరిటనే వ్రాసియుంచి, డ్రైవరు తొలగినపుడును, ఆరంభమున విఫలమైనపుడును కెర్నెలే వ్యతిరేకక్రమమున వాపసు తీసికొనును. డ్రైవరునకు లేదని మేము మొదట చెప్పిన పెద్దదిక్కు ఈ విధముగా కొంతవరకు లభించినది.

అయినను పాతనియమము రద్దు కాలేదు. ఆ సౌకర్యము నుపయోగింపనిచోట్ల బాధ్యత నేటికిని తీసికొన్నవానిదే. పెద్దదిక్కు ఎచటివరకు కలదో తెలిసికొనుటకైనను అది లేని కాలపు పట్టికను చదువవలసియున్నది.

9. పదములను గూర్చి

ఇక మొదట వాగ్దానము చేసిన విషయము. 'మ్యాప్' అను మాటకు పటమని యనువదించినచో చదువరి బొమ్మను ఊహించును. ఇచట బొమ్మ లేదు, అంకెల పంక్తులున్నవి. అందునను అవి ఖాళీలకు సంబంధించినవి మాత్రమే. కావున 'ఖాళీల పట్టిక' అంటిమి. ఈ పేరులోనే దాని బలమును, కొఱతయు రెండును తెలియుచున్నవి. 'ఆలొకేషన్'కు కేటాయింపు అనునది వాడుకలో స్థిరపడినది. దానిని మార్చు నవసరము లేదు.

చిక్కంతయు 'ఫ్రీ' అను క్రియతోనే. ఉచితమను నర్థము ఇచట పొసగదని వేరుగా చెప్పనక్కరలేదు. విడుదల, విముక్తి అనునవి బందీలకు చెల్లును. విడుదలయైనవాడు తనంతట తాను వెడలును. వనరు తనంతట తాను ఎచటికిని పోదు; దానిని చేర్చవలసినచోట చేర్చవలెను. అన్నిటికంటె ప్రమాదకరమైనది 'విడిచిపెట్టుట' లేక 'వదలివేయుట'. తెలుగున ఈ మాటకు పట్టు సడలించుట అనియు, పట్టించుకొనక పోవుట అనియు రెండర్థములు. 'పని తీరిన పిదప జ్ఞాపకస్థలమును వదలివేయవలెను' అని పాఠమున వ్రాసినచో, ఇక దానిని వాడకున్న చాలునని విద్యార్థి గ్రహించును. కాని వాడక ఊరకుండుటయే మనము మొదట చెప్పిన దోషము, మరపు. విధిగా చెప్పదలచిన మాట నిషిద్ధమైనదానినే బోధించును.

'వాపసు' అను మాటలో ఈ సందిగ్ధము లేదు. వాపసు చేయుట యనగా తీసికొన్నది, తీసికొన్నంతయు, తీసికొన్నచోటికే, ఒక్కమారే చేర్చుట. అంగడిలోను, కచ్చేరీలోను, గ్రంథాలయములోను అందరకు తెలిసిన మాట. అది అన్యదేశ్యమని కొందరు సందేహింపవచ్చును. శ్రీకాకుళము ప్రాంతమునందలి పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులుగారు (1863-1940) సవరభాషకు 1931లో వ్యాకరణమును, 1938లో నిఘంటువును ప్రకటించిరి. ఆ మాటలకు వారికి పూర్వగ్రంథము లాధారముగా లేవు. సవరల నోటనుండియే గ్రహించిరి. జనుల నోట నిలిచిన మాటకు స్పష్టమైన యర్థము కలిగియున్నపుడు దానిని శాస్త్రమునకు గ్రహించుటకు వెనుదీయనక్కరలేదని వారి కృషివలన మేము నేర్చితిమి.

పారిభాషికపదములను కూర్చు నుపాధ్యాయులకును పరిశోధక విద్యార్థులకును మేము విన్నవించునది ఇది. ఆంగ్లపదమునకు నిఘంటువులోని మొదటి యర్థమును వ్రాయుటకు ముందు, ఆ పని యెట్లు జరుగునో, ఎవరు ఎవరికి బాధ్యులో తెలిసికొనవలెను. ఖాళీల పట్టికలో ఆ బాధ్యత తీసికొన్నవానిది. దానిని చెప్పగల క్రియ మన వాడుకలో సిద్ధముగా నున్నది.